రాగికి చిలుము కవచమా, విషమా?



చిలకలపూడి పేరు చెప్పినంతనే లోకమునకు స్ఫురించునది గిల్టునగ. రాగి మొదలగు లోహములపై పలుచని బంగారు పొరను కూర్చి, పసిడికి దీటుగా మెఱపించుట ఇచ్చటి పనివారి విద్య. ఆ పొర యరిగినచో లోని రాగి గాలికిని చెమటకును నల్లబడి, పిదప పచ్చని చిలుము పట్టును. ఇచ్చటి నేర్పరి దేనిని రానీయకుండుటకై పాటుపడునో, దానినే నేడు కొందఱు గృహస్థులు వంటయింట పొయ్యి వెనుకగోడకు అలంకారముగా కోరుచున్నారు. కావున దాని స్వభావము నెఱుగుట యుచితము.

ఇనుపత్రుప్పు పెళ్లలుగా రాలి, క్రింది లోహమును మరల గాలికి అప్పగించును. రాగిచిలుము అట్లుగాక లోహము నంటియుండి దానికి కవచమగును. న్యూయార్కు రేవున 1886లో ఆవిష్కరింపబడిన స్వేచ్ఛాప్రతిమకు పైతొడుగు సుమారు 2.4 మిల్లీమీటర్ల రాగిరేకు. తొలుత రాగివన్నె నుండిన యా ప్రతిమ 1920 ప్రాంతమునకు పూర్తిగా పచ్చబడినది. 1986లో ముగిసిన మరమ్మతులందును ఆ పచ్చదనమును గీకివేయలేదు. తడి, బొగ్గుపులుసు వాయువు, గంధకపు పొగ, సముద్రపు టుప్పు దానికి కారణములు. బందరు తీరమున ఉప్పుగాలికి కొదవ లేదు.

ఏండ్లు పట్టు నీ మార్పును కొలది దినములలో సాధింపవచ్చును. రేకును గోడకు బిగింపకమునుపే చింతపండు, ఉప్పులతో జిడ్డు పోవునట్లు తోమి, కడిగి, ఆరబెట్టవలయును. వినెగరులో ఉప్పు కలిపి తుంపరగా చల్లి, మూతగల తొట్టిలో అమ్మోనియా ద్రవమునకు పైగా, తగులకుండ నుంచినచో ఆవిరి సోకి నీలియు పచ్చయు పొడసూపును. ఈ పని ఆరుబయట చేయవలయును. అమ్మోనియాను బ్లీచింగు పౌడరుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. వన్నె కుదిరి బాగుగా ఆరిన పిమ్మట పారదర్శకమైన వార్నీషుగాని మైనముగాని పలుచగా పూయవలయును. మైనము వేడికి కరగును, వార్నీషు మంటకు కమలును. కావున మంటకు చేరువనున్న గోడభాగమునకు రాతిపలకయే మేలు. పులుసు చిందినచో వెంటనే తడిగుడ్డతో తుడువవలయును. పులుపు చిలుమును కరగించును. ఆ రేకును చింతపండుతో తోమినచో చేసిన పని యంతయు వ్యర్థము.

అయితే గోడకు కవచమైన చిలుము పాత్రలో విషము. పులుసు, మజ్జిగ మొదలగునవి రాగితో కలిసి కడుపునొప్పిని, వాంతులను కలిగించును. అందుకే పెద్దలు వంటపాత్రలకు లోపల కళాయి పూయించిరి. పాత్రను కాచి, నవసాగరముతో శుభ్రపఱచి, 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగు తగరమును లోపల రుద్దుటయే ఆ విద్య. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచరాదు.

గోడమీది పచ్చదనమును చూచి ముచ్చటపడు గృహస్థు గిన్నెలోని పచ్చదనమును చూచినపుడు భయపడవలయును. ఈ భేదము నెఱిగిన యింట రాగి అందమునకును ఆరోగ్యమునకును గూడ తోడ్పడును.