పెట్రోలు ఎక్కడ ఆగింది?

(సిబ్బంది కుటుంబాల ఆత్మీయ సమావేశంలో విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో డాక్టరు గారు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు. ఈసారి నన్ను పాత కారు గురించి మాట్లాడమన్నారు. రెండూ ఒకే వయసు వాళ్లకి పనికొచ్చే విషయాలే!

ముందే మనవి చేసుకుంటాను, నేను మెకానిక్‌ని కాను. ముప్ఫై నాలుగేళ్లు మన బ్యాంకులో వోచర్లు చూసి రిటైరైనవాణ్ణి. కారు విషయంలో నాకు తెలిసిందంతా ఒక తప్పు చేసి నేర్చుకున్నదే. ఆ తప్పు నుంచే మొదలుపెడతాను.

మాది 1997 మోడల్ మారుతి 800. స్టాఫ్ వెహికల్ లోన్ పెట్టి కొన్నాం. ఆ కారు 1983 డిసెంబరులో మన దేశంలో రోడ్డెక్కి, 2014 జనవరి దాకా తయారైంది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను. మా బండి కార్బురేటర్ కాలం నాటిది. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. బానెట్ ఎత్తితే ఉన్నదంతా కళ్లకి కనిపిస్తుంది.

2014 మే నెల. మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. రాజమండ్రి నుంచి కాకినాడకి చెకప్‌కి తీసుకెళుతున్నాను. కాలవ గట్టు రోడ్డు మీద ద్వారపూడి దాటామో లేదో, బండి రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. కంటికి నల్లద్దాలు పెట్టుకుని మా అమ్మ కొంగు నెత్తిన వేసుకుని చెట్టు కింద కూర్చుంది. అరగంట పోయాక తాళం తిప్పితే, ఏమీ జరగనట్టు స్టార్టయింది. మళ్లీ సామర్లకోట దగ్గర ఆగింది. డాక్టరు గారి దగ్గరికి చేరేసరికి టోకెన్ నంబరు దాటిపోయింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

మర్నాడు మాకు అలవాటైన మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. "ఒకటి రెండు రోజులు బండి నా దగ్గర ఉంచండి బాబూ, ఎప్పుడు ఆగుతోందో చూస్తాను" అన్నారు. నాకు ఓపిక లేదు. "పంపు పోయి ఉంటుంది, మార్చెయ్యండి" అన్నాను. మార్చారు. వారానికి మళ్లీ ఆగింది. కార్బురేటర్ కిట్ వేయించాను. మళ్లీ ఆగింది. కాయిల్ మార్పించాను. మూడూ కలిపి నాలుగు వేల పైచిలుకు అయింది. బండి మాత్రం ఆగుతూనే ఉంది.

ఒకరోజు కోపం పట్టలేక షెడ్డులో నలుగురి ముందు "బాగున్న సామాన్లు తీసి డబ్బు గుంజుతున్నారు" అనేశాను. ఆయన మాట్లాడలేదు. లోపలికి వెళ్లి, తీసిన పాత సామాన్లన్నీ ఉన్న సంచి తెచ్చి నా చేతికిచ్చారు.

ఇక నేనే చూసుకుంటానని ఇంట్లో మొదలుపెట్టాను. ఎవరో చెప్పగా విని, ఎయిర్ ఫిల్టరు మూత తీసి, సీసాతో కార్బురేటర్ గొంతులో పెట్రోలు పోస్తూ, మా ఆవిణ్ణి తాళం తిప్పమన్నాను. ఇంటర్ చదివే మా అమ్మాయి పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడింది. ఇంజను ఒక్కసారి వెనక్కి దగ్గింది. గొంతులోంచి మంట పైకి లేచింది. నా కనుబొమ్మలు కాలాయి, అంతే. చేతిలో సీసా జారి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి. ఆ పని ఎవరూ చెయ్యకండి. ఈ రోజు నేను చెప్పేవాటిలో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఆ రాత్రి మా ఆవిడ పాల లెక్క రాసే నోటు పుస్తకం తెచ్చింది. "బ్యాంకులో డే బుక్ టాలీ కాకపోతే ఏం చేస్తారు? కనిపించిన వోచరల్లా చింపేస్తారా?" అంది. బండి ఆగిన ప్రతిసారీ తేదీ, ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ట్యాంకులో ఎంత ఉంది, ఎలా ఆగింది - ఇవి రాయమంది. మూడు వారాలు రాశాను. ఓ ఆదివారం ఆ పేజీ చూస్తూ తనే అడిగింది: "ఆగిన రోజులన్నీ ట్యాంకు నిండా కొట్టించిన రోజులేగా?"

నిజమే. సగం ట్యాంకుతో తిరిగిన రోజున ఆగలేదు. నిండా ఉన్నప్పుడే ఇరవై కిలోమీటర్లకి ఆగుతోంది. పెట్రోలు ఎక్కువుంటే ఆగడమేమిటి?

సిగ్గు విడిచి ఆ పేజీ పట్టుకుని మేస్త్రీ గారి దగ్గరికే వెళ్లాం. ఆయన చదివించుకుని విన్నారు. బండి ఎక్కి ఒక చుట్టు తిప్పుకొచ్చి, ట్యాంకు మూత మెల్లగా వదులు చేశారు. 'హుస్స్' మని గాలి లోపలికి పీల్చుకుంది. మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మగారూ, నూనె డబ్బాకి రెండు బెజ్జాలు ఎందుకు పెడతారు?" అన్నారు.

ఒకటి నూనె రావడానికి, రెండోది గాలి పోవడానికి. ట్యాంకూ అంతే. పెట్రోలు బయటికి పోతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మా బండి మూతలో దానికోసం ఒక చిన్న వాల్వు ఉండేది. అసలు మూత పోతే, ఏప్రిల్‌లో నేనే ఒక కొట్లో చవకగా దొరికిందని తాళం మూత కొని బిగించాను. దానికి గాలి దారి లేదు. ట్యాంకు నిండుగా ఉంటే పైన ఖాళీ తక్కువ, కొంచెం పెట్రోలు పోగానే లోపల గాలి బాగా పలచబడుతుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. అరగంట ఆగితే ఏ సందులోంచో మెల్లగా గాలి చేరుతుంది, బండి కదులుతుంది. కారు తప్పు లేదు, మేస్త్రీ గారి తప్పు లేదు. తేడా నా సంతకం ఉన్న వోచరులోనే దొరికింది.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఒక్కటే. పెట్రోలు ఏ దారిన నడుస్తుందో ఆ దారినే మనమూ నడవాలి. ట్యాంకు, గొట్టం, ఫిల్టరు, పంపు, కార్బురేటర్. ప్రతి మజిలీలో 'ఇక్కడిదాకా వచ్చిందా?' అని అడగాలి. వచ్చిందని తేలాకే తరువాతి మజిలీ. ఏదీ తేలకుండా ఏదీ మార్చకూడదు.

అన్నిటికంటే ముందు, లోపం పెట్రోలుదా, కరెంటుదా అని చూడాలి. స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగితే చాలావరకు కరెంటు లోపం. దగ్గుతూ, ఎగిరెగిరి పడుతూ, బలం తగ్గుతూ ఆగితే చాలావరకు పెట్రోలు అందకపోవడం. ఇది నూటికి నూరుపాళ్లు నిజం కాకపోయినా ఎటు వెళ్లాలో చెబుతుంది.

మొదటి మజిలీ ట్యాంకు. ముల్లును నమ్మకండి, పాత బండిలో అది కూడా అబద్ధం చెబుతుంది. బండి ఆగిన వెంటనే మూత వదులు చేసి చూడండి. గాలి గట్టిగా పీల్చుకుని, ఆ తరువాత బండి స్టార్టయితే దొంగ దొరికినట్టే.

రెండోది గొట్టాలు, ఫిల్టరు. రబ్బరు గొట్టాన్ని వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. వాసన వస్తోంది గాని తడి కనిపించడం లేదంటే క్లిప్పుల దగ్గర చూడండి. పారదర్శకంగా ఉండే ఫిల్టరయితే అడుగున తుప్పు రజను, నీటి బొట్టు ఇట్టే తెలుస్తాయి. కొత్తది వేసేటప్పుడు దాని మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి.

మూడోది పంపు. మా బండిలో పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, ఇంజను తిరిగితేనే లోపలి పొర కదిలి పెట్రోలు తోడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, కాయిల్‌కి వచ్చే సన్న తీగ ఊడదీసి, దాని కొనకి టేపు చుట్టి, అసలు నిప్పురవ్వే రాకుండా చేసుకున్నాక, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి డబ్బాలో పెట్టాలి. ఇంకొకరు ఐదారు సెకన్లు తాళం తిప్పితే పెట్రోలు ఆగి ఆగి, జోరుగా దూకాలి. బొట్లు బొట్లుగా వస్తే పంపయినా కావాలి, దాని వెనక అడ్డమయినా కావాలి. ఇంకో గుర్తు: ఇంజనాయిలు పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొట్టి, ఆయిలు మట్టం పెరిగి ఉంటే పంపు పొర చిరిగి పెట్రోలు లోపలికి కారుతోందేమో అనుమానించాలి. అప్పుడు బండి నడపకండి.

ఎండాకాలం ఇంకో చిక్కుంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైతే పంపు దాన్ని తోడలేదు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగాక కదిలితే అదే కారణం అనుకోవచ్చు.

నాలుగోది కార్బురేటర్. ఇంజను ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టరు మూత తీసి, ఆక్సిలరేటర్ తీగని చేత్తో లాగుతూ గొంతులోకి చూడండి. ముఖం దూరంగా పెట్టండి. సన్నటి ధార చిమ్మితే పెట్రోలు అక్కడిదాకా వచ్చినట్టే. రాకపోతే వెనకటి మజిలీలకి వెళ్లాలి. ధార వస్తున్నా బండి సరిగా నడవకపోతే జెట్లలో మట్టి చేరి ఉండవచ్చు. నల్ల పొగ, ఘాటు వాసన, మైలేజీ పడిపోవడం - ఇవి పెట్రోలు ఎక్కువైన గుర్తులు. చోక్ బిగుసుకుపోయిందేమో, ఎయిర్ ఫిల్టరు పూడుకుపోయిందేమో, ఫ్లోట్ దగ్గరి సూది వాల్వు మూసుకోవడం లేదేమో చూడాలి.

చివరగా స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే అంతా క్షేమం. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువ, లేదా ఎక్కడో గాలి చొరబడుతోంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా పారేయకండి. కిందటిసారి కంటే కార్బన్ మోనాక్సైడ్ శాతం బాగా పెరిగితే అదీ ఒక సాక్ష్యమే.

ఈమధ్య చాలామంది ఇథనాల్ గురించి అడుగుతున్నారు. 2022 జూన్ నాటికి పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరుని పాడుచేస్తుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరులోకి తెస్తుంది. అందుకని పాత బండి గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించుకోండి, ఫిల్టరు తరచు చూడండి, బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకండి.

కార్బురేటర్ లేని, ఇంజెక్షన్ బండి ఉన్నవారికి ఒక మాట. వాటిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం ఆన్ చేయగానే వెనక సీటు దగ్గర రెండు క్షణాలు సన్నగా 'ఝుం' అని వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు చూడండి. అంతవరకే మన పని. ఇంజను ఆపాక కూడా ఆ గొట్టాల్లో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది, విప్పితే కళ్లలోకి చిమ్ముతుంది. మిగతాది మెకానిక్‌కి వదిలేయండి.

ఇక జాగ్రత్తలు. ఇవి ఇంట్లో వాళ్లందరూ వినాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంట పాకుతుంది. పక్కన స్టవ్వు, గీజరు, దేవుడి దీపం, సిగరెట్టు ఏదీ ఉండకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు, ఆ పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది. గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగకూడదు. పొరపాటున మింగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మంట లేస్తే నీళ్లు పోయకండి. పొడి చిమ్మే మంటలార్పే సిలిండరు, లేదంటే బకెట్టు ఇసుక దగ్గర పెట్టుకున్నాకే బానెట్ ఎత్తండి. పిల్లలకి టార్చిలైటు పట్టుకునే డ్యూటీ ఇవ్వకండి.

మేస్త్రీ గారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు నలుగురి ముందు అన్న మాటకి నలుగురి ముందే క్షమాపణ చెప్పాను. "పోన్లెండి బాబూ, ముందు గాలి దారి ఉన్న మూత కొనుక్కోండి" అన్నారు. ఆయన ఇచ్చిన సంచిలో పాత పంపు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అది నిక్షేపంలా పనిచేస్తుంది. డిక్కీలో స్పేరుగా పెట్టుకు తిరుగుతున్నాను.

అమ్మని మళ్లీ కాకినాడ చెకప్‌కి అదే కారులో తీసుకెళ్లాను. ద్వారపూడి దగ్గరికి రాగానే ఆవిడ కొంగు నెత్తిన వేసుకుంది. బండి ఆగలేదు. "ఈసారి చెట్టు అక్కర్లేదా?" అని నవ్వింది.