గేటు పక్కన నిలబడి రాసినవాళ్లు



 ఈ రోజు నన్ను పాలస్తీనా గురించి మాట్లాడమన్నారు. గాజాలో కూలిన ఇళ్లు మీ ఫోన్లలో రోజూ చూస్తూనే ఉన్నారు. నేను వీడియోలకు ఎక్కని సంగతి ఒకటి చెప్తాను. పనికి పోవడానికి, బడికి పోవడానికి, సొంత ఆలివ్ చెట్ల దగ్గరికి పోవడానికి కూడా సైనికుడి గేటు దాటాల్సి వస్తే ఆ బతుకు ఎట్లా ఉంటుంది? ఆ గేటు పక్కన నిలబడి, గడియారం చూసి, లెక్క రాసిపెట్టినవాళ్లు ఎవరు? అట్లా రాస్తే ఏమైనా ఒరిగిందా?

ముందు చెక్‌పాయింట్ అంటే ఏంటో చూద్దాం. చెక్‌పోస్టు అనగానే మనకు రాష్ట్రం సరిహద్దులో లారీ కాగితాలు చూసే చోటు గుర్తొస్తుంది. అక్కడ అది కాదు. వెస్ట్ బ్యాంక్ 1967 నుంచి ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉంది. గేట్లన్నీ సరిహద్దు మీదే లేవు. చాలావరకు పాలస్తీనా ఊరికీ పాలస్తీనా ఊరికీ మధ్యలోనే ఉన్నాయి. సైనికులుండే చెక్‌పాయింట్లు, రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఇనుప గేట్లు, మట్టి దిబ్బలు, సిమెంటు దిమ్మలు అన్నీ కలిపి ఐక్యరాజ్యసమితి వాళ్లు 2023 మొదట్లో లెక్కేస్తే 645 వచ్చాయి. 2025 మొదట్లో మళ్లీ లెక్కేస్తే 849. ఇవి కాక, జీపు అడ్డంపెట్టి అప్పటికప్పుడు పెట్టే తనిఖీలు వేరే.

బెత్లెహేం దగ్గర 300 నంబరు చెక్‌పాయింట్ ఉంది. 2023 అక్టోబరుకు ముందు అక్కడ రాత్రి రెండు, మూడు గంటలకే కూలీలు వచ్చి నిలబడేవాళ్లు. మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, టైల్స్ వేసేవాళ్లు. రెండు పక్కలా ఇనుప ఊచలున్న ఇరుకు దారి. చివర ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేటు. తర్వాత స్కానింగ్ మెషిన్, గుర్తింపు కార్డు, వేలిముద్ర, పర్మిట్. వెనకనుంచి తోపులాట. గేటు దాటాక కాంట్రాక్టరు బండి కోసం మళ్లీ ఎదురుచూపు. ఎనిమిది గంటల పని కోసం మనిషి పదిహేను గంటలు ఇంటికి దూరంగా ఉండేవాడు. పిల్లలు నిద్ర లేవకముందే వెళ్లి, వాళ్లు పడుకునే వేళకు వచ్చేవాడు.

దీన్ని చూడటానికి ఎవరు వచ్చారో వినండి. 2001లో ముగ్గురు ఇజ్రాయెలీ మహిళలు కలిసి మఖ్సోమ్ వాచ్ అనే సంస్థ పెట్టారు. మఖ్సోమ్ అంటే హీబ్రూలో చెక్‌పాయింట్. సభ్యులంతా ఆడవాళ్లే. ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు, రిటైర్ అయినవాళ్లు. ఒక దశలో వందల మంది ఉండేవాళ్లు. ఆ గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్రాడు వాళ్లకు మనవడి వయసువాడు. అతను వాళ్ల దేశం సైనికుడే. వాళ్ల ఇళ్లలోనూ సైన్యంలో పనిచేసిన పిల్లలున్నారు. అయినా పొద్దున షిఫ్టు, సాయంత్రం షిఫ్టు అని వంతులు వేసుకుని వచ్చి నిలబడ్డారు. సొంతవాళ్లే వాళ్లను ద్రోహులన్నారు, తిట్టారు.

2002లో వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఇంకో కార్యక్రమం మొదలుపెట్టింది. జెరూసలేం చర్చిల పిలుపు మీద రకరకాల దేశాల వలంటీర్లు సుమారు మూడు నెలల కోసం వస్తారు. జాకెట్ వేసుకుని గేటు దగ్గర నిలబడతారు. ఎంతమంది దాటారో లెక్కపెడతారు. చెప్పిన టైముకు గేటు తెరవకపోతే సైన్యం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తారు. పిల్లలతో బడిదాకా నడుస్తారు.

వీళ్లు రాసేది ఏంటి? చదివితే కొందరికి విసుగొస్తుంది. ఎన్ని గంటలకు వచ్చాం. లైన్లో ఎంతమంది ఉన్నారు. ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయి. దాటడానికి ఎంతసేపు పట్టింది. ఎవరిని వెనక్కి పంపారు, ఏ కారణం చెప్పారు. ఆస్పత్రికి పోయే ముసలాయన, పరీక్షకు పోయే అమ్మాయి, పర్మిట్‌లో ఏదో తేడా ఉందని ఆగిపోయిన కూలీ. మర్నాడు మళ్లీ అదే. ఇరవై ఏళ్లకు పైగా అదే.

ఆ విసుగులోనే దాని బలం ఉంది. ఒక ఉదాహరణ చెప్తాను. 2004 నవంబరులో నబ్లుస్ పక్కన బైత్ ఇబా చెక్‌పాయింట్‌లో ఒక పాలస్తీనా యువకుడు సైనికుల ముందు నిలబడి వయొలిన్ వాయించాడు. అక్కడున్న మఖ్సోమ్ వాచ్ కార్యకర్త కెమెరాలో అది పడింది. ఇజ్రాయెల్‌లో పెద్ద దుమారం లేచింది. నాజీ క్యాంపుల్లో యూదు సంగీతకారులతో వాయిద్యాలు వాయించిన చరిత్ర చాలామందికి గుర్తొచ్చింది. సైనికులు వాయించమన్నారా, అతనే వాయించాడా అని కొన్నాళ్లు వాదనలు నడిచాయి. బాగుంది. కానీ ఆ గేటు దగ్గర వయొలిన్ లేనివాళ్లు రోజూ గంటలకొద్దీ నిలబడ్డారు కదా? వాళ్ల గురించి ఏ దుమారమూ లేవలేదు. వయొలిన్ ఒక్క రోజు వార్త. లైను ప్రతిరోజూ ఉంది. దాన్ని ప్రతిరోజూ రాసినవాళ్లు లేకపోతే ఆ నిలబడటం అసలు జరగనట్టే అయిపోయేది.

రాయడం ఒక్కటే చాలదు. ఆ రాత ఎవరి చేతికి పోతుందన్నది కూడా ముఖ్యం. హెబ్రాన్‌లో 1994లో ఇబ్రహీమీ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని ఒక సెటిలర్ కాల్చి చంపాడు. ఆ తర్వాత అక్కడికి అంతర్జాతీయ పరిశీలకులను పంపారు. నార్వే నాయకత్వంలో ఆయుధాలు లేని బృందం. 1997 నుంచి 22 ఏళ్లు వీధుల్లో తిరిగి చూశారు, రాశారు. కానీ ఆ నివేదికలు రెండు ప్రభుత్వాలకూ, బృందంలోని దేశాలకూ మాత్రమే. జనానికి కాదు. 2019 జనవరిలో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆ బృందం గడువు పొడిగించలేదు. వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. ఆ ఆడవాళ్లు రాసింది మాత్రం ఎవరైనా చదవొచ్చు. అందుకే అది మిగిలింది.

ఇక్కడ గట్టి ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేయలేం. పక్కన నిలబడి లైను వేగంగా కదిలేట్టు చూస్తే, ఆక్రమణకు సున్నం కొట్టి అందంగా చూపించినట్టు కాదా? ఈ ప్రశ్న బయటివాళ్లూ అడిగారు, ఆ ఆడవాళ్లూ తమలో తాము అడుక్కున్నారు. 2019లో రమల్లా, జెరూసలేం మధ్య ఖలందియా గేటును కొత్తగా కట్టారు. ముఖం గుర్తుపట్టే మెషిన్లు వచ్చాయి. గంటల లైను నిమిషాలకు తగ్గింది. మంచిదే అనిపిస్తుంది. కానీ పర్మిట్ అట్లాగే ఉంది. ఎవరు దాటాలో, ఎవరు దాటకూడదో చెప్పే అధికారం అట్లాగే ఉంది. పైగా మనిషి ముఖం వాళ్ల కంప్యూటర్‌లోకి చేరింది. ఇది అర్థమయ్యే మఖ్సోమ్ వాచ్ మహిళలు గేటు దగ్గరే ఆగలేదు. సైనిక కోర్టుల్లో కూర్చుని విచారణలు రాశారు. భద్రతా కారణం అన్న ఒక్క మాటతో పర్మిట్ పోగొట్టుకున్న కూలీలకు అప్పీలు కాగితాలు పెట్టించారు.

ఇంకో ప్రశ్న. చూసేవాడు సాయంత్రం ఇంటికి పోతాడు. నిలబడినవాడు రేపు మళ్లీ నిలబడాలి. మరి వాడి మాట వాడే ఎందుకు రికార్డు చేయకూడదు? 2007లో ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థ బెత్సెలెం వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా కుటుంబాల చేతికే వీడియో కెమెరాలు ఇచ్చింది. ఇంటి కిటికీ నుంచి, డాబా మీద నుంచి వాళ్లే తీశారు. తీసినందుకు దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. వలంటీరు తోడు ఉండొచ్చు, ఉండాలి కూడా. సాక్ష్యం మాత్రం చివరికి బాధ పడేవాళ్ల చేతికే రావాలి.

ఇప్పుడు 300 నంబరు గేటు దగ్గరికి మళ్లీ వద్దాం. 2023 అక్టోబరు 7 తర్వాత వెస్ట్ బ్యాంక్ కూలీల పర్మిట్లు దాదాపు అన్నీ ఆపేశారు. లక్షకు పైగా కుటుంబాల పొయ్యి మీద దెబ్బ. తెల్లవారుజామున కూలీల లైను లేదు. గేటు ఖాళీగా ఉందంటే స్వేచ్ఛ వచ్చిందని కాదు. లోపలికి రానివ్వడం లేదని. కొందరు గోడ ఎక్కి దాటబోయి కాళ్లు విరగ్గొట్టుకున్నారు, కాల్పులకు గురయ్యారు.

వాళ్ల జాగాలో ఎవరు పోయారో తెలుసా? ఇక్కడ మనకు నేరుగా సంబంధం ఉంది. నిర్మాణ పనులకు మనవాళ్లను పంపే ఒప్పందం భారత్, ఇజ్రాయెల్ 2023 మే నెలలోనే చేసుకున్నాయి. యుద్ధం మొదలయ్యాక ఆ పంపకం జోరందుకుంది. 2024లో హర్యానా, ఉత్తరప్రదేశ్‌తో పాటు మన తెలంగాణలోనూ సెలక్షన్లు జరిగాయి. సెంట్రింగ్, ఇనుము వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్. పోయిన అన్నను నేను తప్పుపట్టను. ఇక్కడ పని, కూలి ఉంటే యుద్ధం నడిచే చోటికి ఎవరు పోతారు? కానీ అతను ఎక్కిన పరంజా మీద నిన్నటిదాకా నిలబడినవాడు గోడకు ఇవతల ఖాళీ చేతులతో ఉన్నాడని అతనికి తెలియాలి. మనకూ తెలియాలి.

మిమ్మల్ని అడిగేది కొంచెమే. పాలస్తీనా వీడియో వస్తే పంపే ముందు ఎక్కడిది, ఏ తేదీది అని చూడండి. పాతదాన్ని కొత్తదని పంపితే, ఇరవై ఏళ్లు తేదీ, టైము వేసి రాసినవాళ్ల కష్టాన్ని మనమే పాడుచేసినట్టు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు మఖ్సోమ్ వాచ్ రిపోర్టులు ఒక పది చదవండి. చదివి, రానివాళ్లకు తెలుగులో చెప్పండి.

2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. ఆ మాట వచ్చాక కూడా గేట్లు పెరిగాయే గానీ తగ్గలేదు. అంటే రాయాల్సిన పని ఇంకా అయిపోలేదు.