తక్కువ తిరిగిన పాత మోటారు సైకిలు - కొనవచ్చునా?



తెల్లవారకముందే పాల కేంద్రానికి క్యాను చేర్చాలన్నా, పొలానికి పోయి రావాలన్నా ఈనాడు మోటారు సైకిలు లేనిదే పని జరగదు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుచేత పాతబండి బేరానికి వస్తే మనస్సు అటే లాగుతుంది. అందులోనూ, "పన్నెండేళ్ల బండే గాని 9,000 కిలోమీటర్లే తిరిగింది, ఇంట్లోనే ఉన్నది" అంటే ఇక ఆగలేము. అటువంటి బండి కొనవచ్చునా అనే సంగతి ఈ వేళ ఆలోచిద్దాము.

బావి దగ్గర ఆయిలు ఇంజను రెండేళ్లు తిప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. తిరిగే యంత్రం అరుగుతుంది, తిరగని యంత్రం తుప్పు పడుతుంది. కనుక బండి ఎంత తిరిగిందని అడిగితే చాలదు. ఎన్నాళ్లు నిలిచిపోయింది, ఎక్కడ నిలిచింది అని కూడా అడగవలెను.

ముందు మీటరు సంగతి. పాతబండ్లలో చాలావాటికి మీటరు ఒక కేబులు వల్ల తిరుగుతుంది. కేబులు తెగితే బండి నడుస్తుంది గాని అంకె కదలదు. ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పిన వయస్సు విని ఊరుకుంటామా? పళ్లు పట్టి చూస్తాము. అట్లాగే కాళ్లు పెట్టే రబ్బర్లు, బ్రేకు పెడలు, హ్యాండిలు పిడులు చూడండి. అవి బాగా అరిగిపోయి ఉంటే మీటరు మాట అనుమానించవలసినదే.

తరువాత టైర్లు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పైగాళ్లు లోతుగానే ఉన్నా, పక్కలు పగుళ్లు వేసిన పాత టైరు పనికిరాదు. నిండు క్యాన్లతో చీకట్లో పోతుండగా అది పగిలితే పోయేది పాలు మాత్రమే కాదు గదా!

పెట్రోలు ట్యాంకు మూత తీసి బ్యాటరీ లైటుతో లోపల చూడండి. అగ్గిపుల్ల మాత్రం గీయరాదు సుమా! లోపల ఎర్రగా తుప్పు కనిపించినా, పెట్రోలు పాతకంపు కొట్టినా, కార్బురేటరు కూడా జిగురు పట్టి ఉంటుందనుకోవలెను. ఇప్పటి పెట్రోలులో 20 పాళ్ల వరకు ఇథనాలు కలుస్తున్నది. అది చెరకు నుండి, ధాన్యం నుండి తయారయ్యేదే. అయితే అది తేమను పీల్చుకుంటుంది. పాతబండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోకపోవచ్చు. వాటిని మార్పించవలసి వస్తుంది.

మీరు వెళ్లేవరకు బండి స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను చేత్తో తాకి చూడండి. చల్లని ఇంజను సులువుగా అందుకోవాలి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతున్నదన్న మాట.

ఇక కాగితాలు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిపోవలెను. అప్పు మీద కొన్నదైతే బాకీ తీరినట్లు పత్రం చూడండి. సొంతబండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి 5 ఏళ్లకు పొడిగించుకోవాలి. అంటే మన పన్నెండేళ్ల బండికి మిగిలినది మూడేళ్లే. కొన్న 30 రోజులలో మీ పేరుకు మార్పించుకొనండి. థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కరాదు.

ఇప్పుడు లెక్క వేద్దాము. అమ్మేవారు 30,000 రూపాయలు అడిగినారనుకోండి. టైర్లు, బ్యాటరీ, గొలుసు, గొట్టాలు, కార్బురేటరు శుభ్రం, అన్నీ కలిపి మెకానిక్కు 9,000 చెప్పినాడనుకోండి. ఆ బండి ధర 39,000 అన్న మాట. అదే సొమ్ముకు, రోజూ తిరుగుతూ వేళకు ఆయిలు మార్చిన బండి దొరికితే, అది 40,000 కిలోమీటర్లు తిరిగినదైనా అదే మేలు కావచ్చు.

నీడపట్టున ఉండి, అప్పుడప్పుడు నడిచి, కాగితాలు సరిగా ఉన్న బండి అయితే మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించుకొని నిశ్చింతగా కొనండి. నంబర్లు కలవకపోయినా, ఇంజను పట్టేసి ఉన్నా ఎంత చౌకకు వచ్చినా వద్దు. బేరానికి పోయేటప్పుడు తెలిసిన మెకానిక్కును వెంట తీసుకొని వెళ్లండి. బయానా మాత్రం అతడు చూచిన తరువాతనే ఇవ్వండి.