అద్దె ఎవరి చేతికి?

దూరాన ఉన్న ఇంటిని అద్దెకిచ్చి, వసూలు కూడా బ్రోకరుకే అప్పగించేవాళ్ళు మనలో చాలామంది. రెండు నెలలు సరిగ్గా పంపుతాడు. మూడోనెల "వాళ్ళింకా ఇవ్వలేదమ్మా" అంటాడు. అద్దెకున్నావిడను అడిగితే అతనిచ్చిన రసీదు చూపిస్తుంది! ఆవిడ మీద కోప్పడి లాభం లేదు. వసూలుకు మనం అధికారమిచ్చిన మనిషికి చెల్లిస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మనకు చెల్లించినట్టే. తేల్చుకోవలసింది బ్రోకరుతోనే.

అడిగినప్పుడు లెక్క చెప్పడం అతని విధి అంటుంది అదే చట్టంలోని 213వ సెక్షను. కనుక లెక్కలు ఉత్తరం రాసి అడగండి. వసూలు అధికారం రద్దు చేస్తే, ఆ సంగతి అద్దెకున్నవారికీ వెంటనే రాయండి. వారికి తెలిసేదాకా ఆ రద్దు వారి విషయంలో చెల్లదు.

ఇకమీదట అద్దె నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడాలి. పెళ్ళిళ్ళ పేరయ్యకు సంభావన ఇస్తాం గాని, ఇంటి తాళాలివ్వం కదా!