బడికి నిధులు అడిగిన స్త్రీ: ఎమ్మా విల్లార్డ్
(ఉపన్యాస పాఠం)



ఎమ్మా విల్లార్డ్ పేరు అమెరికాలో చాలామందికి ఒక భక్తిగీతం వల్ల తెలుసు. 1831లో యూరప్ నుంచి ఓడలో తిరిగి వస్తూ, నడిసముద్రంలో కూడా నిశ్చింతగా నిద్రపోగల దైవవిశ్వాసం గురించి ఆమె ఆ గీతం రాసింది. భక్తిగీతం రాసిన స్త్రీని సమాజం తేలిగ్గానే గుర్తుపెట్టుకుంటుంది. ఆ స్త్రీయే శాసనసభను డబ్బు అడిగిందన్న సంగతి మాత్రం మరుగున పడుతుంది. నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండో సంగతి గురించే.

ఎమ్మా 1787లో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టింది. తండ్రికి పదిహేడుమంది సంతానం, ఆమె పదహారోది. పదిహేడేళ్లకే పంతులమ్మ అయింది. 1809లో డాక్టర్ జాన్ విల్లార్డ్‌ను పెళ్లాడింది. వాళ్లున్న మిడిల్‌బరీలో కాలేజీ ఉంది, కానీ అందులో స్త్రీలకు ప్రవేశం లేదు. ఆ కాలేజీలో చదువుతూ తమ ఇంట్లో ఉన్న భర్త బంధువుల కుర్రవాడి పుస్తకాలు తీసుకుని ఆమె జామెట్రీ సొంతంగా నేర్చుకుంది. భర్త ఆర్థికంగా దెబ్బతిన్నాక, 1814లో ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెట్టింది.

అప్పట్లో కలిగినవాళ్ల ఆడపిల్లలకు కుట్టుపని, బొమ్మలు వేయడం, సంగీతం నేర్పితే చదువు అయిపోయినట్టే. లోపం ఆడపిల్లల తెలివిలో లేదనీ, ఏర్పాటులో ఉందనీ ఎమ్మా గ్రహించింది. మగపిల్లల కాలేజీలకు ప్రభుత్వ సాయం ఉంది. ఆడపిల్లల బడి మాత్రం ఎవరో ఒకరి సొంత బతుకుతెరువు; ఆ ఒక్కరికి జబ్బు చేస్తే బడి మూతపడుతుంది. అందుకే 1819లో న్యూయార్క్ శాసనసభ ముందు ఒక ప్రణాళిక పెట్టింది: ఆడపిల్లల విద్యాలయానికి భవనం, గ్రంథాలయం, పాలకమండలి, ప్రభుత్వ నిధి ఉండాలి. శాసనసభ వాటర్‌ఫర్డ్‌లోని ఆమె బడికి గుర్తింపు ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు.

ఆ తర్వాత ట్రాయ్ పట్టణం ముందుకొచ్చింది. అక్కడి కౌన్సిల్ పన్ను ద్వారా 4,000 డాలర్లు సమకూర్చింది. 1821లో ట్రాయ్ ఫిమేల్ సెమినరీ మొదలైంది. గణితం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, భూగోళం అన్నీ అక్కడ నేర్పారు. శరీరశాస్త్రం పుస్తకంలోని బొమ్మలు చూసి తల్లులు ఉలిక్కిపడితే, వాటి మీద మందపాటి కాగితం అంటించి మరీ పాఠం కొనసాగించారు. డబ్బు లేని అమ్మాయిలను ఎమ్మా అప్పు మీద చదివించింది. టీచర్లయ్యాక వాళ్లు తీర్చేవాళ్లు. పాఠ్యపుస్తకాలు రాసి ఆమె తానూ సంపాదించింది. 1838లో చేసుకున్న రెండో పెళ్లి నుంచి ఏడాది తిరక్కుండానే బయటపడి, 1843లో విడాకులు పొందింది.

ఆమెను పూజించాల్సిన పని లేదు. ఓటుహక్కు ఉద్యమంలో ఆమె చేరలేదు. బానిసత్వం విషయంలో రాజీమార్గం వెతికింది తప్ప, రద్దు కోసం నిలబడలేదు. స్త్రీకి చదువు ఎందుకంటే మంచి పౌరులను పెంచే తల్లి కావడానికి అన్నది ఆమె వాదన.

ఆ మాట మనకు కొత్త కాదు. ‘ఒక స్త్రీ చదివితే ఇల్లంతా చదివినట్టే’ అని మనమూ అధికారుల ముందు అంటూనే ఉంటాం. ఆ మాటకు తలుపులు తెరుచుకుంటాయి, నిజమే. కానీ లాభం ఇంటికైతే, ఎంత చదవాలో నిర్ణయించేది కూడా ఇల్లే అవుతుంది. పెళ్లికి చాలినంత చదివింది, ఇక చాలు అన్నప్పుడు మనం ఏం జవాబు చెప్పగలం?

అయితే చదువు గురువు గీసిన గీత దగ్గర ఆగలేదు. ట్రాయ్‌లో చదివిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్, 1848లో సెనెకా ఫాల్స్ సభలో స్త్రీలకు ఓటుహక్కు కావాలని తీర్మానం పెట్టింది. ఎమ్మా అడగనిది ఆమె విద్యార్థిని అడిగింది.

ఎమ్మా విల్లార్డ్ 1870లో ట్రాయ్‌లోనే చనిపోయింది. ఆమె పేరుతో ఆ బడి ఈనాటికీ నడుస్తోంది. ఆమె నుంచి మనం తీసుకోవలసింది ఆ పట్టుదల: ఆడపిల్లల చదువు దాతల దయ మీద నడవకూడదు, ప్రజాధనంలో దానికి వాటా ఉండాలి. ఆమె వాదనకు మనం చేర్చవలసిన మాట ఒకటుంది. ఆ వాటా ఇంటి కోసం, దేశం కోసం మాత్రమే కాదు. ముందుగా అది ఆ అమ్మాయిది.