ఉద్యోగం తీసేయరు, అసలు కథ అక్కడే ఉంది: మిల్‌స్టోన్ న్యూక్లియర్ ప్లాంట్‌లో నోరు విప్పిన ఇంజినీర్

ఈరోజు కథ బూట్లతో మొదలవుతుంది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం, వాటర్‌ఫోర్డ్ అనే ఊరు, సముద్రం పక్కన మిల్‌స్టోన్ న్యూక్లియర్ ప్లాంట్. మొత్తం మూడు రియాక్టర్లు. అందులో యూనిట్ 1లో ఇంధనం మార్చేటప్పుడు అక్కడి వర్కర్లు వేసుకునే రక్షణ బూట్లు ఒక్కోసారి వేడికి కరిగిపోయేవట. ఇది నేను కల్పించింది కాదు, 1996 మార్చిలో టైమ్ మ్యాగజైన్ కవర్ స్టోరీలో రాశారు.

బూట్లు ఎందుకు కరిగాయో అర్థం కావాలంటే కొంచెం టెక్నికల్ విషయం చెప్పాలి. భయపడకండి, రెండు నిమిషాలే.

రియాక్టర్‌ని ఆపేసినా ఇంధన కడ్డీలు వెంటనే చల్లారవు. పొయ్యి కట్టేసినా పెనం కాలుతూ ఉంటుంది కదా, కానీ ఈ పెనం లోపల్నుంచి తనే వేడి పుట్టిస్తూ ఉంటుంది. రోజులు, నెలలు, ఏళ్లు. అందుకే వాడేసిన కడ్డీల్ని లోతైన నీళ్ల కొలనులో పెడతారు. ఆ నీళ్లని చల్లబరచడానికి పంపులు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఉంటాయి. ఇంధనం మార్చేటప్పుడు మామూలుగా మూడో వంతు కడ్డీలు తీసి కొలనులో వేయాలి. మిల్‌స్టోన్ 1లో మాత్రం పని సులువవుతుందని మొత్తం కడ్డీలన్నీ ఒకేసారి తీసి వేసేవాళ్లు. రియాక్టర్ ఆపాక 250 గంటలు ఆగాలని రూల్. వీళ్లు 65 గంటలకే మొదలుపెట్టిన సందర్భాలున్నాయి. పదిరోజులు ఆగాల్సిన చోట మూడు రోజులు కూడా ఆగలేదన్నమాట.

ఎందుకు? డబ్బు. ప్లాంట్ ఆగి ఉన్నన్ని రోజులు కంపెనీ బయట కరెంటు కొనాలి, రోజుకి 5 లక్షల డాలర్లు. టైమ్ లెక్క ప్రకారం ఇలా చేయడం వల్ల ప్రతిసారీ దాదాపు 2 వారాలు కలిసొచ్చేది. గుణించుకోండి, 70 లక్షల డాలర్లు.

1992లో జార్జ్ గలాటిస్ అనే సీనియర్ ఇంజినీర్, ఆ కొలను కూలింగ్ సిస్టమ్‌కి ఒక పార్ట్ మార్చాలని పాత కాగితాలు తిరగేస్తుంటే ఇది దొరికింది. చూసుకోండి, ఆయన తప్పులు వెతకడానికి కూర్చోలేదు. తన పని తను చేసుకుంటున్నాడు. కొలనుకి ఉన్న కూలింగ్ లెక్కలు, మొత్తం కడ్డీల వేడికి సరిపోతాయని ఎక్కడా నిరూపించలేదు. ఒక పంపు ఫెయిలైతే ఏంటి పరిస్థితి? ఈ ప్రశ్నే ఆయన అడిగాడు. జార్జ్ బెటాన్‌కోర్ట్ అనే తోటి ఇంజినీర్ అండగా నిలబడ్డాడు.

కంపెనీ లోపల ఏడాదిన్నరకి పైగా తిరిగాడు గలాటిస్. మేనేజర్ దగ్గరికి, పైవాళ్ల దగ్గరికి. చివరికి 1994లో ఎన్ఆర్‌సీ దగ్గరికి వెళ్లాడు. మన దగ్గర పౌరసత్వం గొడవలో విన్న ఎన్ఆర్‌సీ కాదు, అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్. అక్కడ ఇంకో షాక్. ఈ పద్ధతి ఎన్ఆర్‌సీ వాళ్లకి ముందే తెలుసు. తెలిసీ ఊరుకున్నారు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. కంపెనీ ఆయన్ని ఏం చేసింది? గెంటేసిందా? లేదు. ఆయన చెప్పిన ప్రకారం పెర్ఫార్మెన్స్ రేటింగ్ తగ్గింది. ఆయన పర్సనల్ ఫైల్ కంపెనీ లాయర్ల చేతికెళ్లింది. ఆయన మీటింగ్ రూమ్‌లోకి రాగానే మాటలు ఆగిపోయేవి. అంతే. విడివిడిగా చూస్తే ఇందులో ఒక్కటైనా నేరంలా ఉందా? రేటింగ్ ఎవరికైనా తగ్గుతుంది. మాటలు ఎప్పుడైనా ఆగుతాయి. కోర్టుకెళ్లి "సార్, నన్ను చూసి మాట్లాడ్డం మానేశారు" అని ఎలా చెప్తారు?

ఈ స్క్రిప్ట్ రాస్తుంటే ఇక్కడ ఆగిపోయా. ఎందుకంటే ఆ రూమ్ నాకు తెలుసు. ఆ రూమ్‌లో నేను కూర్చున్నా.

వీడియోలు మొదలుపెట్టక ముందు నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేశానని మీకు తెలుసు. ఏ కంపెనీయో చెప్పను. మందుల డోస్ చూపించే యాప్ ఒకటి చేస్తున్నాం. టెస్టింగ్‌లో ఒక సీనియర్ ఉండేది, మేమంతా అక్కా అనేవాళ్లం. నెట్‌వర్క్ స్లో అయితే స్క్రీన్ మీద పాత డోసే కనిపిస్తోందని పట్టుకుంది. రిలీజ్‌కి ఓకే చెప్పనంది. ఆ బగ్ నేనూ చూశా, నా ఫోన్‌లోనే వచ్చింది. మేనేజర్ మీటింగ్‌లో "ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?" అని అడిగాడు. నేను ల్యాప్‌టాప్ వైపు చూస్తూ కూర్చున్నా. నా అప్రైజల్ ఆ నెల్లోనే ఉంది మరి. తర్వాత ఆమెకి "టీమ్‌తో కలవదు" అని రాశారు. లంచ్‌కి మేం పిలవడం తగ్గించాం. ఎవరూ తగ్గించమని చెప్పలేదు. ఆరు నెలల్లో ఆమే రిజైన్ చేసి వెళ్లిపోయింది. బగ్ తర్వాత ఎప్పుడో ఫిక్స్ చేశారు లెండి, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాలేదు కాబట్టి సరే అనుకోలేకపోతున్నా.

ప్రతీకారం అంటే బాస్ కోపం అనుకుంటాం. బాస్ రేటింగ్ ఒకటే తగ్గిస్తాడు. మిగతాదంతా చేసేది పక్క సీట్లో ఉన్న మనమే. ఆ కంపెనీ నార్త్‌ఈస్ట్ యుటిలిటీస్‌లో గలాటిస్ కంటే ముందు పాల్ బ్లాంచ్ అనే ఇంజినీర్ ఉన్నాడు. భద్రత గురించి మాట్లాడినందుకు ఆయన్ని వేధించారని తేల్చి, 1993లో ఎన్ఆర్‌సీ కంపెనీకి 1 లక్ష డాలర్ల ఫైన్ వేసింది. రియాక్టర్ ఆగితే రోజుకి 5 లక్షలు అని చెప్పా కదా. అంటే ఒక ఇంజినీర్‌ని వేధించినందుకు కట్టింది దాదాపు 5 గంటల కరెంటు ఖర్చు. ఫైన్ పడినట్టు ప్లాంట్‌లో అందరికీ తెలుసు. బ్లాంచ్‌కి ఏమైందో కూడా అందరికీ తెలుసు. మరి గలాటిస్ రూమ్‌లోకి వస్తే ఎవరు మాట్లాడతారు?

తర్వాత కథ స్పీడ్‌గా చెప్తా. 1995 ఆగస్టులో గలాటిస్ ఒక పౌర సంఘంతో కలిసి బహిరంగంగా పిటిషన్ వేశాడు. 1996 మార్చిలో టైమ్ కవర్ మీదకెక్కాడు. ఆ నెలాఖరుకి మూడు రియాక్టర్లూ ఆగిపోయాయి. అక్టోబర్‌లో ఎన్ఆర్‌సీ చెప్పింది చూడండి, ఇది నాకు బాగా నచ్చింది: పైపులు, పంపులు బాగుచేస్తే చాలదు, ఉద్యోగులు చెప్పే సమస్యల్ని కంపెనీ ఎలా తీసుకుంటోందో బయటి సంస్థ ఒకటి కూర్చుని చూడాలి అంది. యూనిట్ 3 స్టార్ట్ అవ్వడానికి 1998 వరకు, యూనిట్ 2కి 1999 వరకు పట్టింది. యూనిట్ 1 మళ్లీ స్టార్ట్ అవ్వలేదు. 1997లో 21 లక్షల డాలర్ల ఫైన్. 1999లో కంపెనీ 25 నేరాలు ఒప్పుకుని 1 కోటి డాలర్లు కట్టింది. అందులో ఆపరేటర్ల ట్రైనింగ్ గురించి ఎన్ఆర్‌సీకి అబద్ధాలు చెప్పడం కూడా ఉంది.

అమెరికాలో చట్టం లేదా అంటే, ఉంది. న్యూక్లియర్ ఉద్యోగి మీద కక్ష సాధిస్తే 180 రోజుల్లోపు లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కానీ రోజులు లెక్కపెట్టుకోవాలి. అక్కడ హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉంది. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే బ్యాగ్ సర్దుకోవాలి. అలాంటివాళ్లు నోరు విప్పాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

మన దగ్గర? శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 6 రియాక్టర్లు కట్టాలని ఏళ్లుగా ప్లాన్ నడుస్తోంది. రేపు అక్కడ మన బీటెక్ పిల్లలే పనిచేస్తారు. విజిల్ బ్లోయర్ల చట్టం 2014లో పాసైంది, కానీ అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఏళ్ల తరబడి రాలేదు. అదీ ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి, అధికార దుర్వినియోగం లాంటివాటి గురించి. "సార్, ఈ పంపు సరిపోదు" అనే ఇంజినీర్ అందులో ఎక్కడ ఫిట్ అవుతాడో నాకైతే కనిపించలేదు.

పోయిన వారం ఆ అక్కకి మెసేజ్ పెట్టా. ఆ రోజు బగ్ నాకూ వచ్చింది అక్కా, చెప్పలేదు, సారీ అని. రెండు రోజుల తర్వాత రిప్లై వచ్చింది. "తెలుసు. నీ ఫోన్ లాగ్ నేనే చూశా" అంది.

కింద కామెంట్స్‌లో మీ ఆఫీసు కథలు రాయండి, కంపెనీ పేర్లు మాత్రం వద్దు. ఉంటా మరి.