మస్టరు ఎవరి చేతిలో ఉంది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం డి.ఎస్. నకారా గారిని తలచుకుంటాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని, అది ఉద్యోగి హక్కు అని చెప్పింది. ఆ తీర్పు పుణ్యమా అని ఒకటో తారీఖున మన ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నా ముందు మాట్లాడిన మిత్రులు అన్నీ చెప్పారు. నేను మన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయే ఒక మనిషి గురించి చెప్పదలచాను.

రిటైరయ్యాక నేను కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిననాడు ఆ చుట్టుపక్కల రాళ్లు, తుప్పలే ఎక్కువ. ఇప్పుడు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. ఆ మేడల్లో పనిచేసే పిల్లలకు బజారుకు వెళ్లే తీరిక లేదు. మందుబిళ్ల మొదలు మంచం వరకు అన్నీ పార్శిలులో రావలసిందే. మా అపార్టుమెంటుకు రోజూ వచ్చే కుర్రవాడు ఒకడున్నాడు. నల్లగొండ వైపువాడు, డిగ్రీ చదివాడు. మొన్న వానాకాలంలో బండి జారి కాలు విరిగింది. రెండు నెలలు మంచాన ఉన్నాడు. కంపెనీకి ఫోను చేస్తే, "మీరు మా ఉద్యోగి కాదు, మా భాగస్వామి" అన్నారట. కాలు కుదిరి వెళ్లేసరికి ఐడీ బ్లాక్ చేశారు. ఒక సాయంత్రం ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు.

"సార్, మీరు సర్కారు ఆఫీసుల చేసిన్రంట గదా. ఇందుల ఏం రాసిన్రో జర చూడుండ్రి."

మా మనవడి చేత ఆ ఒప్పందం అచ్చు తీయించి, పెన్సిలు పట్టుకొని ఫైలు చదివినట్లు చదివాను. పేజీ పేజీకీ "స్వతంత్ర కాంట్రాక్టరు" అని ఉంది. బండి అతనిది, పెట్రోలు అతనిది, రిపేరు అతనిది, ప్రమాదమూ అతనిదే.

అయ్యా, కాంట్రాక్టరు అంటే మనకు తెలియదా? రోడ్లు భవనాల శాఖలోనూ, పంచాయతీరాజ్‌లోనూ పనిచేసినవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. కాంట్రాక్టరు టెండరు వేస్తాడు, ధరావతు కడతాడు, ఎస్టిమేటు మీద ఎంత తక్కువకో ఎంత ఎక్కువకో తన రేటు తానే రాస్తాడు. గిట్టకపోతే టెండరు వేయడు. ఈ కుర్రవాడు ఏ టెండరు వేశాడు? పార్శిలుకు ఎంత ఇస్తారో ఫోను చెబుతుంది, ఏ వీధికి ముందు పోవాలో ఫోను చెబుతుంది, ఆలస్యమైతే ఫోనే శిక్ష వేస్తుంది. రేటు ఒకరోజు తగ్గిందంటే ఎవరిని అడగాలో తెలియదు. మనకు ఛార్జి మెమో ఇచ్చేవారు, సంజాయిషీ అడిగేవారు, అప్పీలు ఉండేది. ఇతనికి ఒక ఉదయం తెర తెరుచుకోదు, అంతే.

ఇది మన ఊరి తగాదా మాత్రమే కాదు. అమెరికాలో ఫెడెక్స్ గ్రౌండ్ అనే పార్శిళ్ల సంస్థ తన డ్రైవర్లను ఇలాగే స్వతంత్ర కాంట్రాక్టర్లు అన్నది. యూనిఫారం, బండి రంగు, అందులోని అరల కొలత కూడా కంపెనీయే నిర్ణయించేది. కాగితం మీద పేరు ఏదైనా పెత్తనం కంపెనీదే గనుక కాలిఫోర్నియా డ్రైవర్లు ఉద్యోగులేనని 2014లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది 22.8 కోట్ల డాలర్లు చెల్లించడానికి కంపెనీ రాజీకి వచ్చింది. మన సుప్రీంకోర్టు కూడా 1956లోనే, ధ్రాంగధ్రా ఉప్పు కార్మికుల కేసులో, పని ఎలా చేయాలో శాసించే అధికారం ఎవరిదన్నది చూడాలని చెప్పింది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. 1994లో 212 జీవో వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల ఎడతెగని సర్వీసు ఉన్న ఎన్.ఎం.ఆర్. వారిని క్రమబద్ధం చేయవచ్చునన్నారు. మా ఆఫీసులో నీళ్లు మోసి, ఫైళ్లు మోసిన ఒకాయన దరఖాస్తు నా టేబులు మీదికి వచ్చింది. "సర్వీసులో అంతరాయములు ఉన్నందున అర్హుడు కాడు" అని నోటు రాసి పైకి పంపాను. ఆ అంతరాయాలు ఎవరివి? ప్రతి 89 రోజులకూ కాగితం మీద ఆయన్ను ఆపించింది మా ఆఫీసే. ఆ రోజుల్లో కూడా ఆయన నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. మస్టరు రాసింది నా చెయ్యే. నోటులో ఆ ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ ఫైలు ఏమయ్యేదో చెప్పలేను. చేర్చలేదు. ఆయన పెన్షన్ లేకుండానే పోయాడు. నేను పెన్షన్ తీసుకుంటున్నాను.

అందుకే కుర్రవాణ్ణి మొదట అడిగింది ఇది: "నువ్వెన్నాళ్లు పనిచేశావో నీ దగ్గర కాగితం ఉందా?" లేదు. లెక్కంతా ఆ యాప్‌లోనే ఉందట, ఐడీ పోయాక అది తెరుచుకోదు. మూడేళ్ల కష్టానికి మూడు కాగితాలు లేవు. ఆనాడు మస్టరు నా బీరువాలో ఉండేది, ఈనాడు కంపెనీ యంత్రంలో ఉన్నది. మస్టరు ఎవరి చేతిలో ఉంటే మనిషి సర్వీసు వారి దయ.

చట్టం కొంత కదిలింది. సామాజిక భద్రతా కోడ్ 2020లో వచ్చి, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఇటువంటి కంపెనీలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో అయిదు శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలన్నది అందులోని మాట. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్‌లో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. సంతోషమే. అయితే ఆ కోడ్ వీరిని యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపలివారుగానే నిర్వచించింది. నిధి ఇచ్చింది గానీ ఉద్యోగి అనలేదు. ఆ ఒక్క మాట విలువ ఎంతో నకారా తీర్పు వల్ల బతుకుతున్న మనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. దరఖాస్తులు నింపడం మనకు వచ్చిన విద్య. ఆదివారం ఉదయం రెండు గంటలు మన సంఘం గది తెరిచి ఉంచుదాం. ఈ పిల్లలకు ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయిద్దాం. నెలనెలా వచ్చిన డబ్బు లెక్క, పనిచేసిన రోజుల లెక్క అచ్చు తీసి ఫైలు కట్టడం నేర్పిద్దాం. ఇళ్లలో పిల్లలకు కూడా చెప్పండి: వచ్చినవాడికి మంచినీళ్లు ఇవ్వండి, లిఫ్టు ఎక్కనివ్వండి.

కుర్రవాడి తరఫున అర్జీ రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. జవాబు ఇంకా రాలేదు. రసీదు మాత్రం జాగ్రత్తగా దాచాను. ఈసారి నోటులో ఏ వాక్యమూ వదలలేదు.